రౌషెడర్ ఇంటి నల్లక్షరాలు

చావు రాకముందే చావుకు కావలసినవి సిద్ధం చేసిపెట్టుకోవడం భక్తి అవుతుందా, చావును చెయ్యి పట్టుకుని గుమ్మం దాటించడం అవుతుందా అన్న సందేహం ఇన్‌స్పెక్టర్ ఎమ్మెరాం ఐహింగర్‌ను తండ్రి పోయిన నాటి నుంచీ వదలలేదు. ఆ రోజు తండ్రికి జ్వరం తగ్గుముఖం పట్టిందనే అందరూ అనుకున్నారు. తల్లి మాత్రం ఎందుకైనా మంచిదని బీరువాలోంచి, పోయేవాళ్ల పక్కన వెలిగించే చావు కొవ్వొత్తి తీసి మంచం పక్కన నిలబెట్టింది. తండ్రి కళ్లు తెరిచి, కొవ్వొత్తి వంక చూసి, "ఓహో, అయితే సరే" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. మళ్లీ ఇటు తిరగలేదు. పాపసంకీర్తనంలో ఫాదరీని అడిగితే, "కొవ్వొత్తి ఎవర్నీ చంపదు ఎమ్మెరాం, లేనిపోనివి తలకెక్కించుకోకు" అన్నాడాయన. ఐహింగర్ తల ఊపి లేచి వచ్చాడు. సందేహం కూడా ఆయన వెనకే వచ్చేసింది.

బుధవారం మధ్యాహ్నం, టోపీ చేతిలో పట్టుకుని ఆల్టింగ్ చర్చి గుమ్మం పక్కన ప్రకటనల గోడ ముందు నిలబడ్డప్పుడు ఆయనకు ఆ కొవ్వొత్తే గుర్తుకొచ్చింది. గోడ మీద రెండు కాగితాలున్నాయి. ఎడమ పక్కది శుక్రవారం జరగబోయే గుర్రాల ఊరేగింపు పోస్టరు. కుడి పక్కది నల్ల అంచు వేసిన చావు కాగితం. బీరు బట్టీ యజమాని ఆలోయిస్ రౌషెడర్ గారు ఆత్మల పండుగ రాత్రి హఠాత్తుగా ప్రభువు సన్నిధికి చేరారని, అంత్యక్రియలు గురువారమని అందులో ఉంది.

"ప్రార్థన అయిపోయిందా, ఇంకా దేవుడితో ఏమైనా మాటలు మిగిలాయా?" వెనకనుంచి గొంతు వినబడింది.

తిరిగి చూడకుండానే ఐహింగర్ గుర్తుపట్టాడు. ఈ కేసు కోసం మ్యూనిక్ నుంచి దిగిన పోలీసు అధికారి డాక్టర్ బ్రూన్స్. చదివింది న్యాయశాస్త్రం, పుట్టింది ఉత్తరాన సముద్రపు ఒడ్డున, నమ్మేది సంతకాన్ని.

"మిగిలాయండీ. మీ గురించే చెబుతున్నాను" అన్నాడు ఐహింగర్.

"మంచిది. ఆ మాటల్లో ఇది కూడా చేర్చండి. మీ బండివాడు క్సావర్ పోయింట్నర్ తెల్లవారుజామున నేరం ఒప్పుకుని సంతకం పెట్టాడు. ఆరుగంటల రైలుకి రేగెన్స్‌బుర్గ్ జైలుకి తీసుకుపోతున్నాను."

"రాత్రంతా కన్ను మూయనివ్వకపోతే నేనూ పెడతానండీ సంతకం. నోవా ఓడకి చిల్లు పొడిచింది నేనేనని పెడతాను."

బ్రూన్స్ నవ్వలేదు. "వేళాకోళం వద్దు. సోమవారం రాత్రి తొమ్మిదింటికి సత్రంలో పదిమంది చూస్తుండగా యజమాని చొక్కా పట్టుకున్నాడు. ఎందుకు? గుర్రాలమ్మి లారీ కొంటానన్నందుకు. పదికీ పన్నెండుకీ మధ్య యజమాని నేలమాళిగ మెట్ల కింద తల పగిలి పోయాడు. ఆ వేళ మీ క్సావర్ ఎక్కడున్నాడు?"

"గుర్రాల సాలలో. ఆడగుర్రానికి కడుపునొప్పి."

"సాక్షి?"

"ఆ గుర్రమే."

"గుర్రాన్ని బోనెక్కించే చట్టం నేను చదివిన పుస్తకాల్లో లేదు."

పొద్దున క్సావర్ పెళ్లాం మూడు నెలల పసిదాన్ని సంకనేసుకుని ఐహింగర్ ఇంటి వంటగదిలో కూర్చుంది. ఆయన భార్య వాల్‌బుర్గా గిన్నెడు సూపు ముందు పెడితే, అది చల్లారేదాకా చూస్తూ కూర్చుని, "రైలెక్కితే ఇక రాడు కదండీ" అని ఒక్క మాట అడిగి వెళ్లిపోయింది. సంతకం పెట్టినవాడిని వెనక్కి తెచ్చిన జడ్జి ఆ జిల్లాలో ఇంతవరకు లేడు.

"డాక్టరు గారూ, ఒక్కసారి ఈ రెండు కాగితాలూ చూస్తారా?"

"చూశాను. ముళ్లకంప రాత. ఈ అక్షరాలు కనబడితే నాకు ఆ పాత రోజులే గుర్తొస్తాయి. జెండాలూ బూట్లూ."

"ఆ ప్రభువులే కదండీ యుద్ధం మధ్యలో వీటికి యూదుల అక్షరాలని పేరుపెట్టి బడిపుస్తకాల్లోంచి తీయించేసింది. మా అమ్మ ప్రార్థన పుస్తకం అంతకు నూరేళ్ల ముందుది. అదీ ఈ అక్షరాల్లోనే ఉంది. పాపం అక్షరానిదో, దాన్ని జెండాకి ఎక్కించినవాడిదో నాకు తెలియదు. అది వదిలేయండి. ఈ ఆర్ చూడండి."

ఆయన వేలు చావు కాగితం మీద, రౌషెడర్ పేరు మొదట్లో ఆగింది. నిలువు గీతలు కంచె రాటల్లా దగ్గర దగ్గరగా, నల్లగా, బరువుగా నిలబడి ఉన్నాయి. ఒక్కో గీత పాదం వజ్రపు ముక్కలా కోసుగా తెగింది. ఆర్ ఎడమ పక్కన మాత్రం ఒక గీత మెత్తగా వంపు తిరిగి కిందికి వాలింది. ప్రెస్సువాళ్లు దాన్ని ఏనుగు తొండం అంటారు. ఊళ్లో రాతకోతలన్నీ గుండ్రటి కొత్త అక్షరాల్లోకి మారిపోయినా, సత్రం బోర్డుకీ, బీరు సీసా చీటీకీ, పనిమంతుల పట్టాలకీ, చావుకీ మాత్రం ఈ తొండం అక్షరాలే కావాలి.

"ఇప్పుడు పోస్టరు చూడండి. 'ఆల్టింగర్ లేయోన్‌హార్డి రిట్'. మూడు మాటలు, మూడు పెద్దక్షరాలు. మధ్యలో ఎల్‌కి తొండం ఉంది. మొదటి ఏకీ, చివరి ఆర్‌కీ లేదు. నిటారుగా, బూటుకాళ్ల మీద నిలబడ్డట్టున్నాయి. ఆ రెండూ వేరే జాతివి."

"ప్రెస్సువాడి దగ్గర అక్షరాలు తక్కువై ఉంటాయి."

"నాకూ అలాగే అనిపించింది. ఎందుకు తక్కువయ్యాయో అడుగుదామని. అదిగో, సందు చివరే ప్రెస్సు."

"రండి," అన్నాడు బ్రూన్స్ గడియారం చూసుకుని. "రైలుకింకా రెండున్నర గంటలుంది. భక్తుడు ప్రభుత్వం వారి పొద్దు ఎలా పుచ్చుతాడో చూసినట్టుంటుంది."

*

క్విరీన్ హాస్లర్ ప్రెస్సులో కిరోసిన్ వాసన, తడి కాగితం వాసన. హాస్లర్‌కి అరవై దాటాయి. చర్చిలో ఐహింగర్‌తో కలిసి ఇరవై ఏళ్లుగా బొంగురు గొంతుల వరసలో పాడుతున్నవాడు. వాళ్లిద్దరూ గుమ్మంలోకి రాగానే చేతులు ఏప్రనుకి తుడుచుకున్నాడు. చేతులు శుభ్రంగానే ఉన్నాయి.

"దేవుడి దీవెన, ఎమ్మెరాం. ఏమిటిలా వచ్చావు?"

"దీవెన. ఏం లేదు, నీ తొండం అక్షరాలు, ఆ పెద్ద గోథిక్ చూద్దామని. డాక్టరు గారికి అక్షరాలంటే ముచ్చట."

బ్రూన్స్ సిగరెట్టు వెలిగించబోయాడు.

"ఇక్కడ వద్దు దొరా, అంటుకుంటుంది" అన్నాడు హాస్లర్.

బ్రూన్స్ సిగరెట్టు చెవి వెనక దోపుకుని స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

ఐహింగర్ అక్షరాల బీరువా దగ్గరికి నడిచాడు. "ఇందులో పెద్దక్షరాలు ఒక్కోటి ఎన్నున్నాయి క్విరీన్?"

"ఒక్కోటే. మా నాన్న అంతే కొనగలిగాడు. చిన్నక్షరాలు సరిపడా ఉన్నాయి గానీ, పెద్దవి ఒక్కోటే."

"ఆలోయిస్ గారి కాగితం ఎప్పుడు మొదలుపెట్టావు?"

"నిన్న పొద్దున ఏడున్నరకి. శవం దొరికిందని కాస్పర్ గారు ఫోన్ చేశారు. అప్పుడే."

కాస్పర్ అంటే పోయిన ఆలోయిస్ తమ్ముడు. బట్టీ లెక్కలన్నీ ఆయన చేతిలోనే ఉండేవి.

"పోస్టరు?"

"సోమవారం పొద్దున అక్షరాలు పేర్చి కట్టాను. మధ్యాహ్నం అచ్చయింది. సాయంత్రం గంట కొట్టేలోపే చర్చి గంటలవాడు ఊరంతా అంటించేశాడు."

"అంటే పోస్టరు గోడకెక్కేసరికి ఆలోయిస్ గారు బతికే ఉన్నారు."

"ఉన్నారు. సత్రంలో పందిమాంసం తింటున్నారు."

"మరి పోస్టరులో ఆర్‌కి తొండం లేదేం?"

హాస్లర్ చేతులు మళ్లీ ఏప్రను మీదికి వెళ్లాయి. "కనబడలేదు. కింద పడి బీరువా కిందికి దొర్లినట్టుంది. బూటక్షరం, అదే, ఆ తొండం లేని బూటుకాళ్ల రకం పెట్టి కానిచ్చేశాను. నిన్న ఊడుస్తుంటే దొరికింది."

"అదృష్టం. చావు కాగితానికి వేళకి అందింది."

"అవును."

"ఏ కూడా బీరువా కిందే దొరికిందా?"

హాస్లర్ చూపు బీరువా మీదికి మళ్లింది.

"ఎల్ మాత్రం బుద్ధిగా గడిలోనే కూర్చుంది," అన్నాడు ఐహింగర్ నెమ్మదిగా. "ఏ పడింది, ఆర్ పడింది. ఆలోయిస్ ఏ. రౌషెడర్ ఆర్. మీ నాన్న కొన్న పాతిక పెద్దక్షరాల్లో సరిగ్గా ఆ రెండే దొర్లిపోయాయి. అదీ ఆయన ఇంకా పోకముందు."

బ్రూన్స్ స్టూలు మీద కదిలాడు. "రెండు సీసం ముక్కలు. వీటిని పట్టుకుని జడ్జి ముందుకి పోతారా?"

"జడ్జి సంగతి తర్వాత. ముందు మీరు చెప్పండి. చచ్చినవాడి పేరులో మొదటి అక్షరాలు రెండూ, అతను సత్రంలో భోంచేస్తూ కూర్చున్న సోమవారం నాడు ఎక్కడ పనిచేస్తున్నాయి?"

బ్రూన్స్ హాస్లర్ వంక చూశాడు. మొదటిసారి ఆ చూపులో పోలీసు కనిపించాడు.

"నీకు తెలిసే చెయ్యలేదు, అది నేను నమ్ముతాను," అన్నాడు ఐహింగర్. "కానీ ఆరింటికి క్సావర్ రైలెక్కుతాడు. ఒకటడుగుతా చెప్పు. యుద్ధంలో లోహం పోగేసేవాళ్లు ఊరూరా పడి చర్చి గంటల్ని కూడా దించుకుపోయారు. నీ సీసం మాత్రం ఎలా మిగిలింది?"

హాస్లర్ బీరువా అంచు పట్టుకున్నాడు. తర్వాత కూర్చున్నాడు.

"నీకు తెలుసు కదా" అన్నాడు.

"నాకు తెలుసు. డాక్టరు గారికి తెలియదు."

"క్సావర్ దాచాడు. వాళ్లు వస్తున్నారని తెలిసి, బీరు బండి మీద గడ్డి కింద పెట్టి, వాళ్ల కళ్ల ముందునుంచే తోలుకుపోయాడు. మూడేళ్లు సాలలో గుర్రాల కింద ఉన్నాయి. దొరికితే వాడి తల పోయేది. అప్పటికి వాడికి పద్దెనిమిదేళ్లు."

"ఏం అడిగాడు?"

"పెళ్లయినప్పుడు ఈ అక్షరాల్లో వాళ్లిద్దరి పేర్లూ కొట్టిపెట్టమన్నాడు. గోడకి తగిలించుకుంటాడట. పెళ్లయింది. పిల్ల పుట్టింది. తీరిక లేదు, తీరిక లేదు అంటూనే ఉన్నాను." హాస్లర్ అరచేతులతో ముఖం రుద్దుకున్నాడు. "శనివారం వచ్చాడు ఎమ్మెరాం. కాస్పర్. 'అన్నయ్యకి గుండె చెడిపోయింది, డాక్టరు వారం రోజులిచ్చాడు, ఆయనకి చెప్పలేదు, నువ్వూ నోరు మూసుకో' అన్నాడు. కాగితం కట్టి ఉంచమన్నాడు. తేదీ ఖాళీగా వదలమన్నాడు."

"అంత తొందరెందుకని అడగలేదా?"

"అడిగాను. గురువారం నుంచి పండగకి ప్రెస్సు మూత కదా. ఆ మధ్యలో పోతే రౌషెడర్ ఇంటి చావు పక్క ఊరి గుండ్రటి అక్షరాల్లో పడాల్సి వస్తుందన్నాడు. వాళ్ల తాత నుంచీ అందరి కాగితాలూ ఈ అక్షరాల్లోనే పడ్డాయి. పోయిన పూటే, మధ్యాహ్నపు గంట లోపల చర్చి గుమ్మానికి ఎక్కాలి. ఎక్కితేనే పెద్దింటి చావు. ఎక్కాక ఇక ఎవరూ ఏమీ అడగరు. పోస్టరుకి ఏ, ఆర్ కావాలి, సోమవారం విప్పుతానంటే, 'గుర్రాలకి బూట్లు తొడుగు, నా అన్నని ముట్టుకోకు' అన్నాడు."

"మన ఊరి వైద్యుడు గారు శవాన్ని చూసి నాతో ఏమన్నారో తెలుసా? ఈ గుండె ఇంకో ఇరవై ఏళ్లు కొట్టుకునేదన్నారు."

"నిన్న పొద్దున మెట్ల కింద పడ్డాడని విన్నాక నాకు సంగతి తెలిసొచ్చింది. మధ్యాహ్నం కాస్పర్ వచ్చి మొహం మీదే అన్నాడు. 'ముందే కట్టింది నువ్వు. నేను మునిగితే నా పక్కనే నువ్వూ.' ఆ తర్వాత…" హాస్లర్ ఆగిపోయాడు.

"ఆ తర్వాత?"

ఐహింగర్ బీరువా పై అర లాగాడు. గడిగడికీ నల్లని సీసం ముక్కలు, పిల్లలు బొంతల కింద పడుకున్నట్టు పడుకుని ఉన్నాయి. మొదటి గడిలో ఏ ఉంది. కడిగి, ఆరబెట్టి, తిరిగి పెట్టేశాడు. ఆయన వేలు ఒక్కో గడీ దాటుకుంటూ పోయింది. కె గడి ఖాళీ. ఎల్ ఉంది. ఎం ఉంది. పి ఉంది.

ఆర్ గడి కూడా ఖాళీగా ఉంది.

"క్విరీన్," అన్నాడు ఆయన. "చావు కాగితం అచ్చయిన పూటే విప్పేస్తారు మీవాళ్లు. పోయినవాడి పేరు రాతి బల్ల మీద తెల్లవార్లూ ఉండకూడదంటారు. ఉంటే ఆ ఇంట్లోంచే ఇంకొకర్ని పిలుస్తుందంటారు. మీ నాన్న నాకు చిన్నప్పుడు చెప్పాడు. కాగితం నిన్ననే అయిపోయింది. ఏ ఇంటికొచ్చింది. ఆర్ ఎందుకు రాలేదు? కె ఎక్కడికి పోయింది?"

హాస్లర్ కళ్లు గది మూలకి వెళ్లాయి. అక్కడ అక్షరాలు పేర్చే రాతి బల్ల మీద తడిగుడ్డ కప్పి ఉంది.

గుడ్డ లాగింది బ్రూన్సే. కింద, అచ్చుకి సిద్ధంగా పేర్చి నల్ల అంచు కట్టిన అక్షరాల ఫారం ఉంది. తాడు గట్టిగా బిగించి ఉంది. అక్షరాలన్నీ తిరగబడి, అద్దంలో చూసినట్టున్నాయి. బ్రూన్స్ జేబులోంచి మీసం దువ్వుకునే చిన్న అద్దం తీసి దాని మీదికి వంచాడు. పెదవులు కదిలిస్తూ, బడిపిల్లవాడిలా కూడబలుక్కుని చదివాడు.

"క్రెస్సెంజ్… రౌషెడర్."

"ఆలోయిస్ గారి భార్య," అన్నాడు ఐహింగర్.

"ఇంటిపేరు విప్పకుండా అలాగే ఉంచి, పై పేరొక్కటీ మార్చమన్నాడు," అన్నాడు హాస్లర్ నేల వంక చూస్తూ. "'వదిన దుఃఖంతో ఉంది, ఎన్నాళ్లో బతకదు' అన్నాడు. తేదీ ఫోన్లో చెబుతానన్నాడు. ఇంకా చెప్పలేదు ఎమ్మెరాం. దేవుడి మీద ఒట్టు, ఇంకా చెప్పలేదు."

"పిల్లల్లేరు. ఆమె కూడా పోతే బట్టీ మొత్తం తమ్ముడిది" అన్నాడు ఐహింగర్. చావు రోజుకి చోటు వదిలిన ఖాళీ సీసం ముక్కలు మాత్రం ఏ రాతా లేకుండా మెరుస్తున్నాయి.

"అయినా క్సావర్ సంతకం…" అని మొదలుపెట్టాడు బ్రూన్స్.

"క్సావర్ మీ తాళం కింద ఉన్నాడు డాక్టరు గారూ. ఈవిడ చస్తే అది కూడా అతని లెక్కలోనే రాస్తారా?"

బ్రూన్స్ ముఖం ఎర్రబడింది. "మీరు నా చేతిలో పావుగంట ముందు ఇది పెట్టి ఉంటే…"

"పావుగంట ముందు మీరు ముళ్లకంప అన్నారు."

అప్పుడు గోడమీది ఫోన్ మోగింది.

ముగ్గురూ దాని వంకే చూశారు. రెండోసారి మోగింది. ఐహింగర్ తల ఊపాడు. హాస్లర్ వెళ్లి ఫోన్ ఎత్తాడు. పక్కన కొక్కేనికి వేలాడే రెండో చెవిగొట్టాన్ని బ్రూన్స్ తీసి తన చెవికి ఆనించుకున్నాడు. ఐహింగర్‌కి మాటలు వినబడలేదు. సన్నటి గరగర మాత్రం వినబడింది. ఆయన బ్రూన్స్ ముఖాన్నే చదివాడు. చెవి వెనకనుంచి సిగరెట్టు జారి నేలమీద పడినా బ్రూన్స్ గమనించలేదు.

హాస్లర్ చేత్తో ఫోన్ నోరు మూసి, తెల్లబోయి చూశాడు.

"తేదీ వెయ్యమంటున్నాడు," అన్నాడు గుసగుసగా. "ఇవాళ్టిదే."

"బట్టీ ఇంటినుంచే మాట్లాడుతున్నాడు," అన్నాడు బ్రూన్స్ అంతకంటే మెల్లగా. "ఆమె నిద్రమందు వేసుకుని పడుకుందట. లేపకండని పనిమనిషిని ఇంటికి పంపేశాడట."

బట్టీ ఇల్లు ఊరి చివర కొండ మీద. ఇంటి చుట్టూ తలుపులన్నీ లోపలినుంచి గడియ. కారు చప్పుడు వినబడిందంటే వాడు చేతిలో పని పూర్తిచేసే తలుపు తీస్తాడు. ఐహింగర్ హాస్లర్ భుజం మీద చెయ్యి వేశాడు.

"వాణ్ణి ఇక్కడికి రప్పించు."

"ఎలా?"

"నాకు తెలియదు. వాడికి ఆమె ప్రాణంకంటే ఏది ఎక్కువో నీకే తెలియాలి."

హాస్లర్ కళ్లు మూసుకున్నాడు. ఫోన్ మీదినుంచి చెయ్యి తీశాడు. మాట్లాడినప్పుడు అతని గొంతు ఎప్పటిలాగే ఉంది. పని ఎక్కువై విసిగిన ముసలి ప్రెస్సువాడి గొంతు.

"కాస్పర్ గారూ, తేదీ వేస్తాను గానీ ఒక చిక్కొచ్చిందండీ. ఆర్ విరిగింది… ఆ, అదే, మీ ఇంటిపేరుది. ఫారం బిగిస్తుంటే సుత్తి జారింది… లేదండీ, ఇంకోటి లేదు. బూటక్షరం పెట్టేయమంటారా? పోస్టరు మీద పెట్టిందే. దూరంనుంచి తెలియదులెండి, ఎవరు చూస్తారు…"

అవతల గరగర పెద్దదైంది. హాస్లర్ చెవికి కాస్త దూరంగా పెట్టుకుని విన్నాడు.

"సరేనండీ. మీరొచ్చేదాకా ముట్టుకోను."

ఫోన్ పెట్టేశాడు. "వస్తున్నాడు. 'రౌషెడర్ ఆడదానికి బూట్లు తొడుగుతావా' అని తిట్టాడు. మోటారు సైకిలు మీద వస్తున్నాడు, పది నిమిషాలు."

బ్రూన్స్ అప్పటికే టోపీ పెట్టుకున్నాడు. "నేను వెనక దారిన డాక్టర్ని తీసుకుని ఆమె దగ్గరికి పోతున్నాను. మీరు వీణ్ణి ఇక్కడ పట్టండి." గుమ్మంలో ఆగాడు. వెనక్కి తిరగకుండానే అన్నాడు. "పోలీసు స్టేషనుకి ఫోన్ చేయండి ఐహింగర్ గారూ. పోయింట్నర్‌ని రైలెక్కించొద్దని నా మాటగా చెప్పండి."

ఐహింగర్ ఫోన్ చేశాడు. అవతల హెడ్డు రెండుసార్లు అడిగించుకుని, "నిజంగానా, ఆ దొరగారే అన్నారా?" అని, క్సావర్ పెళ్లాం బయట బెంచీ మీదే కూర్చుని ఉందని చెప్పాడు. "అయితే ముందు ఆమెకి చెప్పు" అని పెట్టేశాడు ఐహింగర్. పిస్తోలు తీసి చూసుకుని కోటు జేబులోకి మార్చాడు. తలుపు వెనక చోటు చూసుకున్నాడు. లోపల్లోపల ఒక చిన్న ప్రార్థన మొదలుపెట్టి, అది ఎవరికోసమో తేల్చుకోలేక మధ్యలో ఆపేశాడు.

తిరిగి చూసేసరికి హాస్లర్ రాతి బల్ల మీదికి వంగి తాడు వదులు చేస్తున్నాడు.

"ముట్టుకోకు క్విరీన్. అది సాక్ష్యం."

"పేరు అలాగే ఉంటుంది. డాక్టరు దొర చదివాడుగా. ఈ ఒక్కటే తీస్తున్నా." రెండు వేళ్లతో ఆర్‌ని పైకి లాగాడు. అరచేతిలో పెట్టుకుని ఏప్రను కొసతో తుడిచాడు. వంపు తిరిగిన తొండం మీద దీపపు వెలుగు పడింది. "వాడు గుమ్మంలోకి రాగానే చెయ్యి చాపి అడిగేది దీన్నే. బాగుందని చూశాడంటే అక్కణ్ణుంచే వెనక్కి తిరిగి కొండెక్కుతాడు. నిన్ను దాటి పోయినా పోతాడు."

"మీ నాన్న కొన్నది. ఇంకోటి దొరకదన్నావు."

"దొరకదు. ఇలాంటివి పోతపోసే చోటు బాంబులకి కాలిపోయింది."

ఆర్‌ని ముఖం పైకి వచ్చేట్టు ఇనప దిమ్మ మీద నిలబెట్టాడు. సుత్తి తీసుకున్నాడు. చెయ్యి ఒక్కసారి ఆగింది.

"క్సావర్ అడిగింది ఒక్క కాగితం, ఎమ్మెరాం. రెండు పేర్లు. పావుగంట పని."

సుత్తి పడింది. మెత్తటి సీసం కదా, పెద్ద చప్పుడు కాలేదు. తొండం చితికి, నిలువు గీత పక్కకి ఒరిగి, అక్షరం ఏదో తెలియకుండా పోయింది. హాస్లర్ దాన్ని తీసి బల్ల అంచున, వచ్చేవాడికి ముందుగా కనబడేలా పెట్టాడు. కొండ దిగువన మోటారు సైకిలు చప్పుడు వినబడుతుండగా, "క్సావర్‌కి ఇక బాకీ లేను" అన్నాడు.